పటికకూ పటికబెల్లానికీ మధ్య

సస్మిత ఐదో సీసా తుడుస్తోంది. బడి వెనక కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుని, మూత బిగించిన సీసాని బకెట్లో ఒక్కసారి ముంచి, కొబ్బరి పీచుతో రుద్ది, పాత చీర ముక్కతో తుడిచి ఎండలో పెడుతోంది. ల్యాబ్ అని పిలుచుకునే ఆ గదిలో ఎవరూ దుమ్ము దులిపి ఏడాదై ఉంటుంది. సీసాల మీద వేలితో పేరు రాయొచ్చు. చూసి ఊరుకోలేకపోయింది.

ఆమె ఆ బడికి వచ్చి మూడో రోజు. బీఈడీలో చివరి నాలుగు వారాలు ఏదో ఒక హైస్కూల్లో పాఠం చెప్పి చూపించాలి. ఆమెకు బరంపురంలోని ఈ తెలుగు బడి పడింది. పొద్దున్న తన ఊరు హుమ్మలో బస్సెక్కి వస్తుంది, సాయంత్రం బస్సులో వెళ్ళిపోతుంది. మాట తక్కువ మనిషి. ఈ మూడు రోజుల్లో ఆమె గొంతు సరిగ్గా విన్నది తరగతిలో పిల్లలే.

సీసా ఎండలో పెట్టేసరికి ముందు నీడ పడింది.

"ఏటండీ సేస్తన్నారు?"

సైన్స్ మాస్టారు కూర్మారావు. ఇరవయ్యారేళ్ళుంటాయి. చొక్కా జేబు నిండా సుద్దపొడి. అతని చూపు సీసాల మీద లేదు, బకెట్లో ఉంది.

"సీసాలు కడుగుతన్నాను సార్. దుమ్ము పట్టీసున్నాయి."

"ఆ బకెట్లో తేలతన్నవేటి?"

సస్మిత చూసింది. ఐదు కాగితం ముక్కలు. గంజితో అతికించిన చీటీలు. వాటి మీది సిరా నీళ్ళలో నీలం తీగలుగా సాగుతోంది.

"సీటీలు," అంది మెల్లగా. "పాతవనుకున్నాను సార్."

"అవునండి. నిన్న మజ్జానమంతా కూకొని రాసినాను. రేపు ఇన్‌స్పెక్టర్ గారొస్తన్నారు. పదో తరగతికి రసాయన బంధాల పాఠం. ఐదు సీసాలు, ఐదు రకాలు. ఇప్పుడు ఏదేటో నాకు తెలీదు, మీకు తెలీదు. ఆ సీసాలకి ముందే తెలీదు."

ఆమె కోప్పడతాడనుకుంది. అతను గొంతు పెంచలేదు. బకెట్ పక్కన గొంతుక్కూర్చుని, ఒక చీటీని రెండు వేళ్ళతో పైకి తీశాడు. అది చేతిలోనే రెండయింది.

"అందులో ఏటేటున్నాయి సార్?"

"ఉప్పు. పంచదార పొడి. మైనం తురుము. పలుగురాయి పొడి. ఇదిగో, ఈ అల్యూమినియం తీగముక్కలు. దీనికి సీటీ అక్కర్లేదు, మెరుస్తంది. మిగతా నాలుగూ తెలుపే."

"నాలిక మీదెడితే రెండు తెలిసిపోతాయి."

"ల్యాబ్‌లో నాలిక పెట్టిన సైన్స్ టీచర్ని ఎక్కడైనా సూసినారా? మనం పంచదారకి సాపితే, పిల్లలు యాసిడ్‌కి సాపుతారు."

మూత తీయబోతున్న చెయ్యి సస్మిత వెనక్కి తీసుకుంది. సీసాలు ఒక్కొక్కటి పైకెత్తి, వంచి, మళ్ళీ నిలబెట్టి చూసింది. ఆమె ఏ వస్తువునైనా అలాగే చూస్తుంది. తొందరపడదు.

"ఇది ఉప్పు సార్. ఒంచితే గింజగింజగా జారతంది. మా నాన హుమ్మలో ఉప్పు మళ్ళలో పని సేస్తారు. మా మడి ఉప్పైతే ఈ వానకి సెమ్మ పట్టీసి ముద్దయిపోద్ది. ఇది కొట్లో కొన్న ఉప్పు."

కూర్మారావు మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "అలాగేటి. అయితే నేను అస్కావోణ్ణి. మా నాన పంచదార మిల్లులో ముప్పయ్యేళ్ళు సేసినారు. పంచదార ఏదో నేను సెప్పకపోతే సిగ్గుసేటు." మూడో సీసా ఎత్తి చూపించాడు. "ఇదే."

సస్మిత ఆ సీసా తీసుకుని మళ్ళీ వంచి చూసింది.

"ఏటి, కాదా?"

"పరీక్ష సేద్దామండి," అంది.

ల్యాబ్ గదిలో కిటికీ తెరిచి స్పిరిట్ దీపం వెలిగించారు. ఆమె పాత స్టీలు చెమ్చా పట్టుకుంది. అతను చిటికెడు చొప్పున పోశాడు. మొదటి పొడి వేడి తగలగానే నీరైపోయి కొవ్వొత్తి వాసన వేసింది. మైనం. రెండోది చిటపటమని గింజలు ఎగిరాయి కానీ కరగలేదు. ఉప్పు. మూడోది, అతను పంచదార అని పందెం కట్టినంత నమ్మకంగా చెప్పినది, చెమ్చా ఎర్రబడేదాకా వేడి చేసినా కదల్లేదు. నాలుగోది కరిగి, తేనె రంగుకి తిరిగి, నల్లబడుతూ గదంతా కమ్మటి వాసన నింపింది.

"మా మిల్లు వాసన," అన్నాడు కూర్మారావు చిన్నబోయి. "ఈ మాట మా నానకి సెప్పకండి."

తర్వాత నీళ్ళు. ఉప్పూ పంచదారా కరిగాయి. మైనం తేలింది, పలుగురాయి పొడి అడుక్కి పోయింది. కిరోసిన్‌లో మైనం ఒక్కటే కరిగింది. ఆఖర్న బ్యాటరీ, రెండు తీగలు, చిన్న ఎల్ఈడీ దీపం. పొడి ఉప్పుకి వెలగలేదు. ఉప్పు నీళ్ళలో తీగలు ముంచగానే వెలిగింది. పంచదార నీళ్ళలో ఎంతసేపు ఉంచినా వెలగలేదు. అల్యూమినియం ముక్కకి ఆనించగానే వెలిగింది.

పలుగురాయి పొడి దగ్గర కూర్మారావు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏడికి కరగదు. నీళ్ళకి కరగదు. కిరోసిన్‌కి కరగదు. కరెంటు పోనియ్యదు. అచ్చం మన హెడ్మాస్టర్ శివరామ్ సార్."

సస్మిత నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది కానీ, చెయ్యి కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యంలో అతను చూడాల్సింది చూశాడు.

కొత్త చీటీలు ఆమె రాసింది. మర్నాడు ఇన్‌స్పెక్టర్ గారి ముందు కూర్మారావు ఆ చీటీలు తనే పీకి జేబులో వేసుకున్నాడు. "లోపల పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో మన కళ్ళకి కనబడదు. పైకి కనబడే గుణాలు చూసి చెప్పాలి. రండి, ఏది ఏదో మీరే కనిపెట్టండి," అని పిల్లల్ని పిలిచాడు. పిల్లలు సీసాల మీద పడ్డారు. ఇన్‌స్పెక్టర్ గారు కూడా కుర్చీ ముందుకి లాక్కున్నారు. అంతా అయ్యాక ఆయన మెచ్చుకుంటే, "ఉపాయం నాది కాదు సార్, వెనక బెంచీలో కూర్చున్న మేడం గారిది," అన్నాడు.

వెనక బెంచీలో సస్మిత నోటుపుస్తకంలోకి తల దూర్చేసింది.

ఆ తర్వాత అతనికి ఒక ఆట దొరికింది. బడిలో ప్రతి మనిషికీ ఒక బంధం అంటగట్టేవాడు. అటెండర్ జగ్గన్న లోహం, ఎక్కడి కబురైనా క్షణంలో అటు నుంచి ఇటు పారిస్తాడు. ఒడియా టీచరు మైనం, కాస్త వేడికే కరిగిపోతుంది.

"మీరే రకమో తెలీట్లేదండి," అన్నాడొకరోజు, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుంటున్నప్పుడు. "ఎంత ఏడి సేసినా కరగరు. జోకులేస్తే నోటికి సెయ్యి అడ్డమెడతారు. పొగిడితే పుస్తకంలో దూరిపోతారు."

సస్మిత ఆ రోజు జవాబివ్వలేదు. మర్నాడు అదే వేళకి, అదే చోట, డబ్బా మూత తీస్తూ అంది. "ఉప్పు నిప్పు మీద కరగాలంటే ఎనిమిదొందల డిగ్రీలు కావాల సార్. నీళ్ళలో ఏస్తే ఒక్క నిమిషం సాలు."

కూర్మారావు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ నేను తప్పు పరీక్ష సేస్తన్నానన్నమాట."

"ఏమో. మీరు సైన్స్ మాస్టారు."

మూడో వారం శనివారం పోతయ్య బరంపురం వచ్చాడు. పోతయ్య సస్మిత తండ్రి. ఉప్పు మళ్ళ తెల్లదనం మీద ఎండ పడి, ముప్పయ్యేళ్ళుగా ఆ మెరుపు చూసీ చూసీ కళ్ళు దెబ్బతిన్నాయి. కంటి డాక్టరుకి చూపించుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్దామని బడి గేటు దగ్గర నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి. అవసరం లేని మాట ఆ నోట్లోంచి రాదు. కూతురికి మాట తక్కువంటే, ఆ తండ్రి పక్కన ఆమె వాగుడుకాయ కింద లెక్క.

గేటు దగ్గరికి ముందుగా వెళ్ళింది కూర్మారావే. ఎవరో చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది, అదే ముక్కు. చేతులు జోడించాడు.

"నమస్తే బాబాయ్. లోనికి రండి. ఎండలో నిలబడిపోనారేటి? జగ్గన్నా, బాబాయ్‌కి టీ ఒట్టుకురా."

రెండడుగుల వెనక వస్తున్న సస్మిత అక్కడే ఆగిపోయింది.

పోతయ్య టీ తాగాడు. గ్లాసు తిరిగిచ్చి తలూపాడు. బస్సు ఛత్రపురం దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"మంచి కుర్రోడు. బాబాయ్ అన్నాడు. వరసకి కొడుకే. నీకో అన్న దొరికినాడు బరంపురంలో. నాకు బెంగ తీరింది."

సస్మితకి కొత్త బెంగ పట్టుకుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆదివారమంతా ఆలోచించింది. బాబాయ్ అన్నాడంటే తనని చెల్లెలు కింద జమకట్టాడనేగా. అతను జోకులేసింది చెల్లెలితో. డబ్బాలో కూర పంచుకుంది చెల్లెలితో. సరే, అలాగే కానీ అనుకుంది.

సోమవారం ల్యాబ్‌లో ఇద్దరూ సామాను సర్దుతున్నారు.

"ఆ దీపం ఇటియ్యండన్నయ్యా."

దీపం కింద పడలేదు కానీ, పడబోయింది. "ఏటన్నారు?"

"అన్నయ్యా అన్నాను."

"ఎవర్ని?"

"ఈ గదిలో మీరు కాక ఇంకెవరున్నారు? మొన్న మా నానని బాబాయ్ అన్నారు కదా. బాబాయ్ కూతురు మీకేటవుద్ది?"

కూర్మారావు మొదటి బెంచీ పిల్లాడిలా మనసులో లెక్క కట్టాడు. జవాబు వచ్చేసరికి మొహం జేబులోని సుద్దపొడి రంగుకి తిరిగింది.

"ఓర్నాయనో. నేను మౌసా అనుకొని అన్నానండి."

"మౌసా ఏటి?"

"బరంపురంలో పెద్దోళ్ళందరూ మనకి మౌసాలే కదేటి. ఆటోవోడు మౌసా, పోస్ట్‌మాన్ మౌసా, బస్ కండక్టర్ మౌసా. రోజంతా ఒడియాలో మౌసా, మౌసా అంటాను. మీ నాన తెలుగోరు కదా అనీసి మర్యాదకి తెలుగులోకి మార్సినాను. మౌసాకి తెలుగు బాబాయే కదా."

"ఒడియాలో మౌసా ఉత్తి మర్యాద సార్. తెలుగులో బాబాయ్ అంటే వరస. మా నానకి ఒడియా బాగా ఒచ్చు. గాని వరస మాత్రం తెలుగులోనే ఇంటారు."

సార్ అనే మాట తిరిగి వచ్చినందుకు అతనికి కాస్త ఊపిరాడింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ముందు రేకుల మీద నాలుగు చినుకులు ఆటగా పడ్డాయి. తర్వాత ఒక్కసారిగా బడి, గేటు, ఎదుటి సైకిలు షాపు అన్నీ కనబడకుండా పోయాయి. మాట వినబడాలంటే దగ్గరికి జరగక తప్పని వాన. కూర్మారావు జరిగాడు.

"మీరు నాకు సెల్లి కాదు."

"మరేటి?"

"సెప్పాలా?"

"అక్కర్లేదు. లోపలేటుందో కంటికి కనబడదు, పైకి కనబడేది సూసి సెప్పాలని మీరే పాఠం సెప్పినారు." సస్మిత బల్ల మీది సీసాలు వరసగా జరుపుతూ, సీసాలతో చెప్తున్నట్టు చెప్పింది. "మీ అస్కా బస్సు మూడున్నరకి. మీరెక్కేది నాలుగున్నర బస్సు, నా బస్సు కదిలాక. మొదటి వారం మా ఎండుసేపల పులుసుకి కిటికీ తీసినారు. ఇప్పుడు గిన్నె కడిగినట్టు ఖాళీ సేసి ఇస్తన్నారు. మొన్న బుధవారం నేను రాలేదు. ఆవేళ తరగతిలో మీరు ఒకటే సమీకరణం రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పు రాసినారంట. పిల్లలు సెప్పినారు."

"ఇవన్నీ ఎప్పుడు సూసినారండి?"

"నేను మాటాడను గాని, సూస్తాను."

"మరి ఫలితం?"

"పుస్తకంలో రాసుకున్నాను. సెప్పను."

"అయితే నేనే సెప్తాను." వాన చప్పుడులో అతని గొంతు ఎప్పటికన్నా నెమ్మదిగా ఉంది. "సమయోజనీయం అంటే ఇద్దరూ సెరిసగం పంచుకోడం. అది తర్వాత సంగతి. నాది ఇప్పటికి అయానికమే. ఒకరు ఇచ్చీడం, ఒకరు తీసుకోడం. నేను ఇచ్చీసినాను. మీరు తీసుకున్నారో లేదో తెలీదు."

సస్మిత ఆఖరి సీసా చాలాసేపు సర్దింది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

"తీసుకోకపోతే ఇన్ని దినాలు సూస్తానేటి," అంది.

వాన తగ్గాక గొడుగు తెరుస్తూ ఇంకో మాట అంది. ఈసారి నవ్వు లేదు. "మా అమ్మ పోయినాక నన్ను సదివించింది మా నానే. ఆయన కాదంటే నేను రాను. ఆయన ఒక మాట అనుకున్నాక మార్సుకోవడం నేనెప్పుడూ సూడలేదు. మిమ్మల్ని కొడుకు అనీసుకున్నారు."

"ఆదివారం మా అమ్మని తెస్తాను," అన్నాడు కూర్మారావు.

ఆదివారం పొద్దున్న పది గంటలకి అస్కా నుంచి కూర్మారావూ, అతని తల్లి జగ్గమ్మా వచ్చి హుమ్మలో బస్సు దిగారు. వానాకాలం కనక ఉప్పు మళ్ళు మూసేసి ఉన్నాయి. రోడ్డు పక్కన తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు, నీళ్ళు నిండిన మళ్ళు, పైన ముసురు. పోతయ్య ఇంటి వసారాలో పాత బుట్టకి అంచు అల్లుకుంటున్నాడు. అతని తల్లి ముత్యాలమ్మ చాప పరిచింది. సస్మిత తలుపు వెనక నిలబడింది.

జగ్గమ్మ కలివిడి మనిషి. కుశల ప్రశ్నలు, చెరుకు పంట, బస్సులో రద్దీ అన్నీ చెప్పి, సంచీలోంచి కాగితం పొట్లం తీసి ముత్యాలమ్మ చేతిలో పెట్టింది.

"తీపి లేకుండా పిల్లనడగకూడదు కదా పెద్దమ్మా. పటికబెల్లం తెచ్చినాం. మావోడికి మీ పిల్లనియ్యండి."

పోతయ్య అల్లడం ఆపాడు. బుట్ట పక్కన పెట్టాడు.

"కుర్రోడు మంచోడే," అన్నాడు. "గాని వరస కుదరదు. నన్ను బాబాయ్ అన్నాడు. పదిమందిలో అన్నాడు. నేను సరే అనుకున్నాను. కొడుక్కి కూతుర్నెలాగిస్తాను?"

కూర్మారావు మౌసా కథ మొదలుపెట్టాడు. ఆటో, పోస్ట్‌మాన్, కండక్టర్ దాకా వచ్చేసరికి పోతయ్య మొహం చూసి ఆపేశాడు.

"మౌసా అనుంటే నేనూ మర్యాదే అనుకునేవోణ్ణి. నువ్వు తెలుగులో అన్నావు."

జగ్గమ్మ కొడుకు వైపు చూసిన చూపుకి ఉప్పయినా కరిగేది. తలుపు వెనక సస్మిత గుమ్మం కర్ర గట్టిగా పట్టుకుంది. నాన్న గొంతులో కోపం లేదు. కోపమైతే తగ్గుతుంది. ఇది నమ్మకం.

ముత్యాలమ్మ గొంతు సవరించుకుంది. "దానికంత దిగులేటిరా. మీ నాన మా నానని అన్నా అనలేదేటి? పెల్లికి ముందు సంగతిలే. అప్పుడు మా వాడోళ్ళేటి సేసినారో తెలుసా? వరస తప్పిన నోట్లో పిల్ల తండ్రి పటికబెల్లం పలుకెట్టి, ఇకనించి మావా అనరా అని దిద్దినాడు. తీపితో దిద్దితే పాత వరస పోద్ది. ఆయన అన్నాడు, నేను కాపరానికొచ్చినాను, నువ్వు పుట్టినావు. లేకపోతే నువ్వేడున్నావు?"

పోతయ్య తల్లి వైపు చూశాడు. ఈ కథ అతను ఎప్పుడూ విన్నట్టు లేదు.

"అదిగో, ఆల్లే తెచ్చినారు కదా పటికబెల్లం," అంటూ ముసలమ్మ పొట్లం విప్పింది. గాజుముక్కల్లా తళతళలాడే పలుకులు. ముందు తనో చిన్న ముక్క నోట్లో వేసుకుంది.

మరుక్షణం ఆమె మొహంలో ముడతలన్నీ నోటి దగ్గరికి చేరాయి. కళ్ళు మూసుకుంది. వాకిట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చి కూర్చుంది.

"ఓలమ్మ. ఇది పటిక."

"కాదు పెద్దమ్మా, పటికబెల్లమే," అంది జగ్గమ్మ కంగారుగా. "మావోడే కొన్నాడు."

"పటికబెల్లమే మామ్మా. నేనే అడిగి తీసుకున్నాను," అన్నాడు కూర్మారావు.

సస్మిత తలుపు వెనక నుంచి వచ్చింది. ఒక పలుకు తీసుకుని, పాత గరిటెలో వేసి, పొయ్యి మీద పట్టుకుంది. అందరూ వంటింటి గుమ్మంలోకి చేరారు. పలుకు తొందరగానే నీరైంది. కూర్మారావు మొహం విప్పారింది. కానీ ఆ నీరు తేనె రంగుకి తిరగలేదు, కమ్మటి వాసనా రాలేదు. బుసబుసమని పొంగి, పొంగి, గరిటె నిండా తెల్లటి బెండులా గట్టిపడిపోయింది.

"పంచదార జాతైతే నల్లబడాలి సార్," అంది సస్మిత నెమ్మదిగా. "ఇది అయానికం. ఇందులో నీళ్ళు దాగుంటాయి. ఏడి తగిలితే అవన్నీ బయటికొచ్చీసి ఇలాగ పొంగుద్ది."

జగ్గమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "పంచదార మిల్లోడి కొడుకువి. సైన్స్ మాస్టారివి."

"అప్పటికే బస్సు కదిలిపోతందమ్మా. కొట్టోడికి పటిక అని అరిసినాను. బెల్లం నోట్లోనే ఉండిపోయింది."

"దిష్టికి కట్టే పటిక తెచ్చి శుభమా అని పిల్లనడిగినాను," అని జగ్గమ్మ గోడ వైపు తిరిగింది.

ముత్యాలమ్మకి నవ్వాగలేదు. వగరెక్కిన నోటితోనే నవ్వింది. "ఈడు ఏ మాటా పూర్తిగా పలకడర్రా. మావయ్య అనాల్సినోణ్ణి బాబాయ్ అంటాడు. పటికబెల్లం అనాల్సింది పటిక అంటాడు. నోరు మంచిదే, తొందరెక్కువ."

పోతయ్య నవ్వలేదు. గరిటెలోని తెల్లటి బెండును వేలితో నొక్కాడు. అది సన్నగా విరిగింది. తర్వాత కూతురి వైపు చూశాడు. కూతురు తలెత్తి అతని వైపే చూస్తోంది.

"నువ్వేటంటావు?" అన్నాడు.

సస్మిత ఎప్పుడూ ఏదీ అడిగిన పిల్ల కాదు. బట్టలు కొంటే కట్టుకుంది, చదివిస్తే చదివింది. పదో తరగతిలో కొత్త చెప్పులు కావాలని కూడా ఆమె అడగలేదు, పాత చెప్పుల అరుగుదల చూసి పోతయ్యే తెలుసుకున్నాడు.

"నాకిష్టమే నాన," అంది. మాట చిన్నదే కానీ మధ్యలో వణకలేదు. "నువ్వు కాదంటే ఎల్లను. గాని నాకిష్టమే."

పోతయ్య కళ్ళు చికిలించాడు. ఉప్పు మెరుపుకి పాడైన కళ్ళు, తడి అయ్యాయో, ఎప్పుడూ అలాగే ఉంటాయో పక్కవాళ్ళకి తెలియదు. సస్మితకి తెలిసింది.

"మరేటిరా?" అంది ముత్యాలమ్మ. "దిద్దుతావా, మానేస్తావా? దిద్దాలన్నా ఇంట్లో ఒక్క పలుకు పటికబెల్లం లేదు. మన కొట్లో దొరకదు. రంభ బజారుకెల్లాల."

కూర్మారావు లేచాడు. "నేనెల్లి తెస్తాను." మావయ్యా అనాలో, బాబాయ్ అనకూడదో, ఏమనాలో తెలియక మాట అక్కడే ఆపేశాడు. ఈసారి సగంలో ఆపిందే సరైంది.

పోతయ్య చెయ్యి పైకెత్తి అతన్ని కూర్చోమన్నాడు.

మేకుకి వేలాడుతున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు నిదానంగా పెట్టుకున్నాడు. గుడ్డసంచీ దులిపి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. జగ్గమ్మ ఏదో అడగబోయింది, ముసలమ్మ ఆమె మోచెయ్యి నొక్కింది. ముసురు ఇంకా పడుతూనే ఉంది. అతను తువ్వాలు తల మీద వేసుకుని, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా, సైకిలు నడిపించుకుంటూ వాకిలి దాటి రంభ వైపు తిరిగాడు.